పాత సినిమాను పనితనం కోసం చూడాలి

పాత సినిమాల మీద తెలుగిళ్లలో జరిగే వాదన ఎప్పుడూ ఒకే దారిన నడుస్తుంది. ఆ రోజుల్లో విలువలుండేవి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లం, ఇప్పుడు నరుక్కోవడం తప్ప ఏముంది అని పెద్దవాళ్లంటారు. మూడు గంటలు ఎవరు కూర్చుంటారు, అయిదు నిమిషాలకో పాట, పైగా బ్లాక్ అండ్ వైట్ అని పిల్లలంటారు. ఈ గొడవలో సినిమాను మాత్రం ఎవరూ చూడరు. పెద్దవాళ్లు అందులో తమ యవ్వనాన్ని వెతుక్కుంటారు, పిల్లలు పెద్దవాళ్ల ఉపన్యాసం నుంచి తప్పించుకుంటారు. మధ్యలో నష్టపోతున్నది ‘మల్లీశ్వరి’, ‘పెద్దమనుషులు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ లాంటి సినిమాలు.

ముందు ఈ విలువల మాట తేల్చుకోవాలి. పాత సినిమా అంటే సాధుస్వభావం, ఎవరినీ నొప్పించని మంచితనం అనే ముద్ర దానికి జరిగిన పెద్ద అన్యాయం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలం రాసింది. బ్రాహ్మణ యువకుడికీ మాలపిల్లకూ మధ్య ప్రేమను కథగా చేసుకుని అంటరానితనాన్ని ముఖాముఖి నిలదీసిన సినిమా అది. మరుసటి ఏడాదే ఆయన ‘రైతుబిడ్డ’తో జమీందారీ వ్యవస్థ మీదికి వెళ్లారు. ఆ సినిమా నిర్మించిన సారథి సంస్థ వెనకున్నది స్వయానా చల్లపల్లి జమీందారు. దాన్ని ఆపించాలని గట్టిగా పట్టుబట్టిందీ జమీందార్లే. కొన్నిచోట్ల నిషేధం కూడా పడింది. ఈ సినిమాలు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకుంటూ చూసినవి కావు, ఊళ్లలో తగువులు రేపినవి.

‘పెద్దమనుషులు’ సంగతీ అంతే. 1954లో కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమాకు ప్రేరణ ఇబ్సెన్ నాటకం ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’. డి.వి.నరసరాజు సినిమా రచయితగా పరిచయమైంది దీనితోనే. ఊరికి చైర్మన్, నోరు తెరిస్తే ధర్మపన్నాలు, లోపల అన్నీ దొంగ లెక్కలు. ఆ ఊళ్లో నిజం చెప్పగలిగినవాడు ఒక్కడే, రేలంగి వేసిన తిక్కశంకరయ్య. అతన్ని అందరూ పిచ్చివాడంటారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లయినా కాకముందే, కొత్త ప్రజాస్వామ్యంలో కొత్తగా పుట్టుకొస్తున్న నాయకుణ్ని పట్టుకుని ఇంత సూటిగా ఆడుకోవడం చిన్న సాహసం కాదు. నీతిబోధ పేరుతో దీన్ని పిల్లలకు అంటగట్టడం కంటే, ఇది ఎంత కోపంగా తీసిన సినిమానో చెబితే వాళ్లే వచ్చి కూర్చుంటారు.

అసలు పాత సినిమాలో చూడాల్సింది పనితనం. దానికి ‘మాయాబజార్’ను మించిన ఉదాహరణ తెలుగులో లేదు. ఇష్టమైన సినిమా కాబట్టి అనే మాట కాదిది. విప్పి చూసినకొద్దీ కొత్త పొర కనిపించే సినిమా కాబట్టి.

1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమా పాండవుల చుట్టూ తిరిగే కథ. ఆస్తి పోగొట్టుకున్నది వాళ్లు, అడవుల పాలైనది వాళ్లు, పెళ్లి జరగాల్సింది వాళ్ల ఇంటి పిల్లవాడికి. అయినా పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారు. అంత ధైర్యమైన నిర్ణయం మామూలు రచయిత తీసుకోలేడు. ధర్మరాజు, భీమార్జునులు తెర మీదికి వస్తే కథ బరువెక్కి భారతమైపోతుంది. వాళ్లను బయట పెట్టి ద్వారకలోని ఒక పెళ్లింటిని మాత్రమే మిగుల్చుకున్నారు రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి.రెడ్డి. అన్నదమ్ముల ఆస్తి తగాదా, డబ్బు చూసి మాట మార్చే వదినగారు, మొహమాటానికి లొంగిపోయే అన్నగారు, ఇద్దరి మధ్యా చిక్కుకున్న ఆడపిల్ల శశిరేఖ. పురాణం ఇంట్లోకి నడిచి వచ్చింది. అసలు భారతంలో శశిరేఖ అనే పాత్రే లేదు. జానపదుల నోళ్లలో పుట్టి, సురభివారి నాటకాల మీదుగా సినిమాకు వచ్చిన అమ్మాయి ఆమె.

కె.వి.రెడ్డి స్క్రిప్టును కాగితం మీదే పూర్తి చేసేవారనీ, సన్నివేశాలు చదివిస్తూ స్టాప్‌వాచ్‌తో నిడివి కొలిచేవారనీ ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. ‘మాయాబజార్’కు సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు ఆ శిక్షణను తర్వాత ఎక్కడిదాకా తీసుకెళ్లారో తెలిసిందే: మాటలే లేని ‘పుష్పక విమానం’, కాలంలో ప్రయాణించే ‘ఆదిత్య 369’. ముందే లెక్క తేలిన స్క్రిప్టు వల్ల ‘మాయాబజార్’లో దాదాపు ఏ సన్నివేశమూ ఒక్క పని కోసం ఉండదు. బలరాముడి ఇంట్లో ప్రియదర్శిని పెట్టె తెరుచుకునే సన్నివేశమే చూడండి. ఎవరు తొంగిచూస్తే వాళ్లకు ప్రియమైనది కనిపించే పెట్టె అది. వినోదం, మాయ, పాత్రల పరిచయం, రాబోయే తగువుకు విత్తనం, అన్నీ ఆ ఒక్క వస్తువుతో అయిపోతాయి. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇక ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ‘లాహిరి లాహిరి’ పాటలోని వెన్నెలను మూడు తరాల తెలుగువాళ్లు నిజం వెన్నెలే అనుకున్నారు. దాన్ని తీసింది పగటి వెలుగులో. ఏ కంప్యూటరూ లేని రోజుల్లో ఫిల్టర్లు, ఎక్స్‌పోజరు, దీపాల లెక్క, అనుభవం, ఇవే ఆయన సరంజామా. మొదట్లో తెర నిండా మెరిసే ద్వారకా నగరం మద్రాసులో సుమారు 50 అడుగులకు 60 అడుగుల జాగాలో కట్టిన బొమ్మల ఊరు. అందులో దాదాపు 300 చిన్న ఇళ్లు. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల చేతిపని. ఒక్కో ఇంటికీ విడిగా దీపాలు అమర్చారట. ఎస్వీ రంగారావు ముందు పళ్లాలు ఖాళీ అవడం, లడ్డూలు ఎగిరి నోట్లోకి దూకడం, శకుని పరివారానికి తివాచీ చుట్టుకోవడం, అన్నీ కెమెరాతోనూ, ఎడిటింగ్ బల్ల మీదా చేసినవే. గ్రాఫిక్స్ వచ్చాక ఇంతకంటే పెద్ద అద్భుతాలు వచ్చాయి, అవి రావాలి కూడా. కానీ ఇక్కడ ప్రతి గారడీ ఒక హాస్యం కోసం ఉంది, ప్రతి హాస్యం ఒక పాత్ర కోసం ఉంది. ఆ వరస మాత్రం ఇప్పటి చాలా భారీ సినిమాల్లో తారుమారైంది. ముందు విజువల్ ఏదో అనుకుని, దాని చుట్టూ పాత్రను కుట్టడం కనిపిస్తూనే ఉంది.

నటనకు వస్తే సావిత్రి దగ్గర ఆగాలి. సినిమా రెండో సగంలో ఆమె శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆ పాత్రకు అసలు రూపం ఎస్వీ రంగారావు: భారీ విగ్రహం, గద పట్టిన చెయ్యి, ఛాతీ విరుచుకుని నడిచే నడక. ఆ మనిషి నడకను, కళ్లెగరేయడాన్ని, నిలబడే తీరును సావిత్రి తన శరీరంలోకి తెచ్చుకుంది. పెళ్లి పాటలో మధ్య మధ్య ఆడపిల్లనన్న సంగతి మరిచిపోయి రాక్షసుడు బయటపడిపోతుంటాడు, సుశీల గొంతు పక్కనే ఘంటసాల గొంతు దూసుకొస్తుంది, మళ్లీ సర్దుకుని సిగ్గుపడుతుంది. అప్పటికి ఆమెకు నిండా పాతికేళ్లు లేవు. నాలుగేళ్ల ముందు ‘దేవదాసు’లో పార్వతిగా ఏడిపించిన అమ్మాయి ఈమేనని తెలిసి చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది.

ఆమె చుట్టూ ఉన్నవాళ్లను కూడా చూడాలి. రేలంగి, సీఎస్సార్, గుమ్మడి, ఛాయాదేవి, ముక్కామల, రమణారెడ్డి, అల్లు రామలింగయ్య, వంగర. కృష్ణుడిగా ఎన్టీ రామారావును అంతకు ముందు ఒక సినిమాలో జనం ఒప్పుకోలేదు. అందుకే ఇక్కడ కిరీటం దగ్గర నుంచి చిరునవ్వు దాకా జాగ్రత్తలు తీసుకున్నారు, ఆ తర్వాత కృష్ణుడంటే ఆయనే అయిపోయారు. అంతటి తార కూడా కథానాయకుడి పాత్రలో లేడు. నాగేశ్వరరావు అభిమన్యుడూ చాలాసేపు తెర మీద ఉండడు. సినిమాను నడిపించేది ఒక అమ్మాయి, ఒక రాక్షసుడు, ఒక నక్కజిత్తుల మామ. ఇవాళ ఇద్దరు అగ్రతారలను పెట్టుకుని ఈ పంపకాన్ని ఒప్పించగల దర్శకుడు ఎంతమంది?

పాటల విషయంలో ఒక సంగతి చెప్పి తీరాలి. అప్పటి రికార్డింగుల్లో గాయకులు, వాద్యకారులు ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి పాడాలి, వాయించాలి. ఎవరు తప్పినా మొదటికి రావాలి. ఇప్పటిలా చరణాన్ని ముక్కలుగా పాడి కలుపుకునే వీల్లేదు. ‘మల్లీశ్వరి’ (1951) పాటలు వింటున్నప్పుడు ఆ ఏకాగ్రత చెవికి తెలుస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు మొదటిసారి రాశారు. సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు. భానుమతి, ఘంటసాల పాడారు. బి.ఎన్.రెడ్డి పాటను కథలోంచి విడదీయలేనంతగా కలిపారు. బావామరదళ్ల చిన్ననాటి చనువు, వాన, రాయలవారి అంతఃపురంలో ఆమె ఒంటరితనం, అన్నీ పాటల్లోనే ముందుకు కదులుతాయి. పాట వచ్చినప్పుడు బయటికెళ్లి టీ తాగొచ్చేవాడు ఈ సినిమాలో సగం కథ పోగొట్టుకుంటాడు.

ఇదంతా విని పాతవన్నీ గొప్పవని అనుకుంటే మళ్లీ మొదటి తప్పుకే చేరుకున్నట్టు. 1950ల్లోనూ చెత్త సినిమాలు బోలెడు వచ్చాయి, వాటిని కాలం జల్లెడ పట్టేసింది. మిగిలిన గింజలను మాత్రమే చూసి పంటంతా ఇదే అనుకోవడం పొరపాటు. మంచి సినిమాల్లోనూ ఒప్పుకోలేనివి ఉన్నాయి. ‘గుండమ్మ కథ’ (1962) హాయిగా నవ్విస్తుంది, సూర్యకాంతం కనిపించిన ప్రతిసారీ తెర వెలిగిపోతుంది. అయినా అందులో పొగరుబోతు కోడలి పొగరు దించే తీరు ఇవాళ చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుంది. ‘మిస్సమ్మ’ (1955)లో ఉద్యోగం కోసం పెళ్లికాని ఇద్దరు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు, భార్యాభర్తలుగా నటిస్తారు. నిరుద్యోగం మీద, మతం మీద అంత తేలికైన చేత్తో, అంత తెలివిగా తీసిన సినిమా అరుదు. చివరికి ఆ అమ్మాయి తప్పిపోయిన జమీందారు కూతురేనని తేలడంతో, సినిమా తానే వేసిన ప్రశ్న నుంచి వెనక్కి తగ్గింది. పాత సినిమాను ప్రేమించేవాళ్లు ఈ మాట పైకి అనగలగాలి. అప్పుడే ఆ ప్రేమకు విలువ.

పాత సినిమా చెయ్యని పనులు కొత్త సినిమా చేసింది. అందులో మొదటిది భాష. చాలాకాలం వెండితెర మీద తెలుగంటే ఒక ప్రాంతపు చదువుకున్నవాళ్ల తెలుగే. తెలంగాణ మాట వినిపిస్తే అది నవ్వించడానికో, రౌడీ కోసమో. 1980లో విడుదలైన ‘మా భూమి’ లాంటివి పక్కదారి ప్రయత్నాలుగానే మిగిలాయి. ‘మల్లేశం’ (2019) ఆసు యంత్రం కనిపెట్టిన చేనేత కార్మికుడి జీవితాన్ని ఆయన మాటలోనే చెప్పింది. ‘బలగం’ (2023) చావు ఇంటి చుట్టూ, పిట్ట ముట్టని పిండం చుట్టూ తిరిగింది. తెలంగాణ పల్లెల్లో జనం తెర కట్టుకుని, అందరూ కలిసి కూర్చుని చూశారు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటలోనే ఉండే మామూలు మనుషులు. ఈ సినిమాలు 1955లో వచ్చే అవకాశమే లేదు. ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. అది ఎవరూ కాదనలేని ఘనత.

మరి కొత్త సినిమా పోగొట్టుకున్నదేమిటి? ముఖం మీద నిలబడే ఓపిక పోయింది. సావిత్రి ముఖాన్ని కెమెరా వదలకుండా చూసేది, భావం పుట్టి, పెరిగి, దాచుకోబడేదాకా. ఇప్పుడు భావం పుట్టేలోపే కోత పడుతుంది, వెనకాల వాయించే సంగీతం ఏం అనిపించాలో ముందే చెప్పేస్తుంది. సహాయ పాత్రలకు చోటూ తగ్గింది. తండ్రి, అత్త, పక్కింటాయన అంటే ఇప్పుడు హీరోను పొగడ్డానికో, హీరో చేతిలో దెబ్బ తినడానికో ఉండేవాళ్లు. ‘బలగం’, ‘కంచరపాలెం’ జనానికి అంతగా ఎందుకు నచ్చాయి? ప్రతి చిన్న పాత్రకూ ఒక మనసు ఉంది కాబట్టి. తెలిసి చేసినా, తెలియక చేసినా, ఆ దర్శకులు ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’ తీసిన విజయా సంస్థ అలవాటునే తిరిగి పట్టుకున్నారు.

పాత సినిమా నచ్చకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాని మీద చర్చ అసలు జరగడం లేదు. నేటి కుర్రవాడు చూస్తున్నది ఆ సినిమా కాదు, దాని చిరిగిన నకలు. చదరానికి దగ్గరగా ఉండే పాత తెర కొలతను వెడల్పాటి టీవీకి సాగదీస్తారు, ముఖాలు ఉబ్బిపోతాయి. లేదంటే పైనా కిందా కోసేస్తారు, తలలు తెగిపోతాయి. మూలన ఛానల్ ముద్ర, కింద పరుగెత్తే అక్షరాలు, పాటల మధ్యలో ప్రకటనలు. శబ్దం గరగర. బార్‌ట్లే వెన్నెల కాస్తా బూడిద రంగు మురికిగా కనిపిస్తుంది. ఆ స్థితిలో చూసి బోరు కొట్టిందంటే తప్పు కుర్రవాడిది కాదు.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది థియేటర్లకు తెచ్చినప్పుడు కొత్త తరం కొంత వచ్చి చూసింది. ఆ శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. కానీ బార్‌ట్లే లెక్కవేసింది నలుపు తెలుపుల మధ్య ఉండే మెట్లను. రంగు ప్రతి అసలుకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానంలోకి రాకూడదు.

నకలైనా మిగిలినవి అదృష్టం చేసుకున్నవి. తెలుగువారి తొలి మూకీల్లో ఒకటైన ‘భీష్మప్రతిజ్ఞ’ ఇవాళ లేదు. 1931 నాటి ‘కాళిదాస్’ లేదు. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరులో వచ్చిందని దశాబ్దాలపాటు రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి, విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. మన మొదటి మాటల సినిమా పుట్టినరోజు తెలుసుకోవడానికే ఇంత పరిశోధన కావలసి వచ్చింది. అప్పటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు పులిసి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. మద్రాసు ఉక్కపోతలో గోదాముల్లో పడున్న డబ్బాల గతి ఊహించుకోవచ్చు. ఇవి చాలవన్నట్టు, రీళ్లలోని వెండి కోసం ప్రింట్లను కరిగించి అమ్ముకున్న రోజులూ ఉన్నాయి.

మొన్నమొన్నటి సినిమాలకూ భద్రత లేదు. 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ని 2025లో మళ్లీ విడుదల చేయడానికి సరైన ప్రింటు కోసం ఏళ్లపాటు వెతకాల్సి వచ్చిందని నిర్మాతలే చెప్పారు. అంత పెద్ద హిట్టుకే ఆ గతి పడితే, ఆదుర్తి సుబ్బారావు, నాగేశ్వరరావు కలిసి డబ్బు రాదని తెలిసీ తీసిన ‘సుడిగుండాలు’ లాంటి సినిమాల నెగటివ్‌ల సంగతి ఎవరు పట్టించుకోవాలి?

ఆశ పెట్టుకోదగ్గ పనులూ జరుగుతున్నాయి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది. శివేంద్రసింగ్ దుంగార్‌పూర్ నడిపే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019లో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో సినిమాల సంరక్షణ మీద శిక్షణ శిబిరం పెట్టింది. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఆయన సినిమాలను దేశంలోని పలు నగరాల్లో పెద్దతెర మీద వేయించింది. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ చూడటానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. హీరోల పుట్టినరోజులకు 2000ల నాటి హిట్లను రీరిలీజ్ చేసి, కాగితాలు ఎగరేసి, ఈలలు వేస్తున్న ఈ రోజుల్లో, థియేటరుకు రావడానికి జనం లేరనే సాకు చెల్లదు. ఆ రీరిలీజుల గడియారాన్ని ఇంకో యాభై ఏళ్లు వెనక్కి తిప్పాలి, అంతే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సినిమా అవార్డుల మీద జరిగే చర్చలో పదో వంతు పాత నెగటివ్‌ల మీద జరిగినా చాలా మిగిలేవి. హైదరాబాద్‌లో చల్లటి గదులతో ఒక తెలుగు ఫిల్మ్ భాండాగారం కావాలి. హక్కులున్న కుటుంబాలతో ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడి, ఏడాదికి అయిదారు సినిమాలనైనా అసలు నెగటివ్ నుంచి, అసలు తెర కొలతలో, కోతలు లేకుండా బాగుచేయించాలి. ఆ ప్రతులు ఊరి కాలేజీలకు, జిల్లా కేంద్రాల్లోని థియేటర్ల ఉదయం ఆటలకు వెళ్లాలి. టీవీ ఛానళ్లు, ఓటీటీలు ఈలోపు ఒక్క పని చేయవచ్చు: సాగదీయడం మానేయాలి. దానికి రూపాయి ఖర్చు లేదు.

మొదట బాగుచేయవలసిన వాటిలో ‘పెద్దమనుషులు’, ‘మల్లీశ్వరి’, ‘మాలపిల్ల’ ఉండాలి. వాటిని వేసినప్పుడు ముందు ఎవరూ విలువల మీద ప్రసంగం చేయకూడదు. ఎవరు తీశారు, ఎలా తీశారు, వచ్చినప్పుడు ఎవరికి కోపం వచ్చింది అని అయిదు నిమిషాలు చెప్పి దీపాలు ఆర్పితే చాలు. తర్వాత నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు ఇరవై ఏళ్ల కుర్రవాడికి పూర్తిగా ఉంది, ఆ తీర్పు వినడానికి పెద్దవాళ్లు సిద్ధపడాలి.